రెండు సీట్లు, ఒక్కటే టీసీ

తొలకరి పడి, చేన్లలో పత్తి గింజలు పెడుతున్న రోజుల్లోనే యూనివర్సిటీల పీజీ సీట్ల కౌన్సెలింగులు మొదలయ్యేవి. నల్లగొండ బస్టాండులోనైనా, పాలమూరు బస్టాండులోనైనా తెల్లారకముందు హైదరాబాద్ బస్సు కోసం ఫైలు చంకన పెట్టుకున్న పిల్లలు, వాళ్ల వెంట భుజాన తువ్వాల వేసుకున్న నాయినలు కనబడేవాళ్లు. పక్క సీటాయన “ఏడొచ్చింది బిడ్డా సీటు?” అని అడిగేవాడు. “రెండు కాడ వచ్చింది పెద్దనాయినా” అని చెప్పే పిల్లగాని గొంతులో సంతోషం కంటే గాబరా ఎక్కువుండేది. ఒక్క సీటు వచ్చినోనికి పోయి చేరుడే పని. రెండొచ్చినోనికి తేల్చుకునుడు పని, అదీ వారం పది రోజుల్లో.

ఎందుకంటే సీట్లు రెండున్నా టీసీ, అంటే చదివిన కాలేజీ విడిచినట్టు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, ఒక్కటే.

ఆ టీసీని ఈ రోజుల్లో పిల్లలు పెద్దగా పట్టించుకోరు గానీ, అప్పట్లో ఆ కాగితానికి ఉన్న విలువ వేరు. ముందు కాలేజీలో బాకీలేమీ లేవని నో డ్యూస్ పెట్టించుకోవాలి: లైబ్రరీ, ల్యాబు, ఆటల సామాను, హాస్టలు, ఒక్కో సంతకానికి ఒక్కో గది. అన్నీ అయ్యాక క్లర్కు సారు పొడుగాటి పుస్తకం తీసేవాడు. ఎడమ పక్క ముక్క కాలేజీకి, కుడి పక్క ముక్క పిల్లగానికి. రెండింట్లోనూ అవే వివరాలు: అడ్మిషన్ నంబరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, పుట్టుమచ్చలు, చేరిన తేదీ, విడిచిన తేదీ, ప్రవర్తన. ప్రిన్సిపాల్ సంతకం, మీద గుండ్రటి ముద్ర. తర్వాత చిల్లుల గీత వెంబడి జాగ్రత్తగా చింపి ఇచ్చేవాడు. అక్కడే నిలబడి ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మూడూ పదో తరగతి మెమోతో పోల్చి చూసుకోవాలి. మెమోలో ‘శ్రీనివాసులు’, టీసీలో ‘శ్రీనివాస్’ అని పడితే యూనివర్సిటీ కౌంటరు దగ్గర ఆపేవాళ్లు. సవరణ కోసం వంద కిలోమీటర్లు వెనక్కి రావాలి, ఆలోపు గడువు దాటేది. పేరుకైనా పుట్టిన తేదీకైనా పదో తరగతి మెమోనే ఆధారం, ఇప్పటికీ అంతే.

ఆ టీసీ ఒకసారి ఒక యూనివర్సిటీ ఫైల్లోకి పోయిందంటే బయటికి రావడం కష్టం. పోగొట్టుకుంటే పోలీస్ స్టేషన్ నుంచి దొరకలేదన్న కాగితం, అఫిడవిట్టు, ఆపైన ‘డూప్లికేట్’ అని ముద్ర కొట్టిన నకలు. అందుకే తెలిసిన సార్లు చెప్పే మొదటి మాట ఒక్కటే: “ఫీజు కట్టు, జిరాక్సులు ఇయ్యి, టీసీ మాత్రం ఆఖరు దినం దాక నీ తానే పెట్టుకో.” ఇప్పటిదాకా ఇంతకన్నా మంచి సలహా రాలేదు.

దక్షిణ తెలంగాణ పిల్లలకు ఆ రెండు సీట్లు ఏవయ్యేవి? ఎక్కువమందికి ఒకటి ఉస్మానియా. రెండోది గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, లేకుంటే వరంగల్ కాకతీయ. ఉస్మానియా 1918 నాటిది, సెంట్రల్ యూనివర్సిటీ 1974లో, కాకతీయ 1976లో వచ్చాయి. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో ఏర్పడేదాకా మన జిల్లాల డిగ్రీ కాలేజీలన్నీ ఉస్మానియా కిందనే. పీజీ సెంటర్లు కూడా దానివే.

ఇక్కడే చాలామంది మోసపోయేవాళ్లు. ‘ఉస్మానియాలో సీటు’ అంటే క్యాంపస్‌లోనే అని కాదు. ఒకే కౌన్సెలింగులో క్యాంపస్ కాలేజీ, నిజాం, సైఫాబాద్, సికింద్రాబాద్, కోఠి మహిళా కాలేజీ, జిల్లా పీజీ సెంటర్లు అన్నీ కలిపి పెట్టేవాళ్లు. ర్యాంకు పిలుపు వచ్చినప్పుడు పిల్లగాడు “ఉస్మానియా సార్” అంటే చాలదు, ఏ కాలేజీయో చెప్పాలి. అది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్సా అన్నది ఇంకా ముఖ్యం. అదే గది, అవే సార్లు, అదే డిగ్రీ, ఫీజు మాత్రం ఎన్నో రెట్లు. కంగారులో తలూపి సంతకం పెట్టినవాళ్లకు ఫీజు రసీదు చేతికొచ్చినంకనే తెలిసేది. అలాట్‌మెంట్ కాగితం మీద కాలేజీ పేరు, కోర్సు పేరు పక్కన చిన్నక్షరాల్లో ఏముందో చదవకుండా కుర్చీలోంచి లేవొద్దు.

లోకల్, నాన్ లోకల్ గొడవ మన సరిహద్దు మండలాల పిల్లలను తిప్పలు పెట్టినంతగా ఇంకెవరినీ పెట్టలేదు. రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు లోకల్‌కు. అర్హత పరీక్షతో ముగిసేటట్టు వరసగా నాలుగేండ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అట్లా నాలుగేండ్లు ఒక్కచోట కాకపోతే, ఏడేండ్లు లెక్కేసి ఎక్కడ ఎక్కువుంటే అది. ఇప్పుడు చూడండి. కోదాడ, హుజూర్‌నగర్ పిల్లగాడు పదో తరగతి దాక ఊళ్లో చదివి ఇంటర్ కోసం బెజవాడ పోతే, ఆరు నుంచి పది దాక అయిదేండ్లు ఇక్కడివే కాబట్టి ఉస్మానియా లోకల్‌గానే మిగిలేవాడు. అదే పిల్లగాన్ని ఎనిమిది కాగానే బెజవాడ పంపితే తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు కలిసి సరిగ్గా నాలుగు. ఇంజనీరింగుకు వచ్చేసరికి ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ అయిపోయేవాడు. గద్వాల, అలంపూర్ పిల్లలు తుంగభద్ర దాటి కర్నూల్లో ఆ నాలుగేండ్లు చదివితే శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ లోకల్. సొంతూరు, రేషన్ కార్డు, భూమి పట్టా అన్నీ పాలమూరువే అయినా ఇక్కడ 15 శాతంలో పోటీ పడాల్సి వచ్చేది. తల్లిదండ్రులకు ఈ లెక్క ఎనిమిదో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని ఇండ్లలో దుఃఖం తప్పేదో. రాష్ట్రం వేరైనంక ఈ నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి, ఏ ఏడు నోటిఫికేషన్ ఆ ఏడు చదవాలి. ఏడేండ్ల బోనఫైడ్లు (ఫలానా ఏండ్లు ఇక్కడ చదివాడని బడి ఇచ్చే కాగితాలు) ఏ బడికాబడి తెచ్చి ఒకే కవరులో పెట్టుకునే అలవాటు మాత్రం ఎప్పటికీ పనికొచ్చేదే.

సెంట్రల్ యూనివర్సిటీకి ఈ లోకల్ లెక్క లేదు. దేశమంతా ఒకటే పోటీ. కానీ అక్కడ ఇంకో చిక్కు. ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (బీసీల్లో సంపన్న వర్గం కాదన్న కాగితం) కావాలి, అదీ చాలా నోటిఫికేషన్లలో ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదే. రాష్ట్రంలో బీసీలుగా ఉన్న కులాలన్నీ కేంద్రం జాబితాలో లేవు. తన కులం అందులో ఉందో లేదో చూసుకోకుండా ఓబీసీ గడి నింపి, చేరే రోజు సీటు పోగొట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. ఉన్నత విద్యలో కేంద్ర సంస్థలకు 27 శాతం ఓబీసీ కోటాకు సుప్రీంకోర్టు దారి ఇచ్చింది 2008 ఏప్రిల్‌లో. అంతకుముందు మన చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల ఇండ్ల పిల్లలు గచ్చిబౌలిలో ఓపెన్‌లోనే గెలవాల్సి వచ్చేది. దేవరకొండ తండాల పిల్లలకు పరిస్థితి వేరు. ఎస్టీ కోటా రాష్ట్రంలో 2022లో 10 శాతమయ్యేదాకా 6 శాతమే, సెంట్రల్‌లో ఏడున్నర.

సీటు ఎక్కడ మంచిదన్న మాట కంటే ముందు, రాత్రి పండుకునేది ఎక్కడ అన్న మాట మన జిల్లాల్లో చాలా పాతది. ఉస్మానియా పుట్టిన 1918లోనే హైదరాబాద్‌లో రెడ్డి హాస్టలు కూడా మొదలైంది. దాన్ని నిలబెట్టింది వనపర్తి సంస్థానం నుంచి పోయి హైదరాబాద్ కొత్వాల్ (నగర పోలీసు అధిపతి) అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. దాని బాధ్యతలు ఏండ్ల తరబడి చూసింది గోలకొండ పత్రిక నడిపిన మన గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి. పల్లె నుంచి వచ్చిన పిల్లగానికి ఇంత నీడ, ఇంత అన్నం లేకుంటే ఎంత గొప్ప యూనివర్సిటీ అయినా అందదని వాళ్లకు అప్పుడే తెలుసు.

ఉస్మానియాలో సీటు రాగానే హాస్టలు రాదు. దానికి వేరే దరఖాస్తు, వేరే లిస్టు, వేరే డిపాజిటు. క్లాసులు మొదలైనంక హాస్టలు లిస్టు పెట్టేదాకా మధ్యలో వారాలు గడిచేవి. ఆ వారాలు ఎట్లా గడిచేవో తెలిసినవాళ్లకు తెలుసు: సీనియర్ గదిలో నేల మీద చాప, ట్రంకు పెట్టె మంచం కింద. మానికేశ్వర్‌నగర్, అడిక్‌మెట్, విద్యానగర్‌లలో నలుగురు కలిసి తీసుకున్న గది, మూలకు కిరోసిన్ పంపు స్టవ్వు, ఇంటి నుంచి తెచ్చిన బియ్యం సంచి, అవ్వ సీసాకు గుడ్డ కట్టి ఇచ్చిన మామిడికాయ తొక్కు. ఆదివారం ఊరికి పోయినోడు జొన్నరొట్టెలు కట్టుకొస్తే సోమవారం పొద్దున గదికి చుట్టాలు ఎక్కువయ్యేవాళ్లు.

హాస్టలు మెస్సు లెక్క ముందే తెలుసుకోకుంటే నెల చివర గుండె ఆగేది. అది నిర్ణయించిన ధర కాదు. నెలంతా అయిన బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, వంటవాళ్ల ఖర్చు కలిపి, ఎవరు ఎన్ని దినాలు తిన్నారో దాని మీద పంచేది. ఉదాహరణకు వందమంది, ముప్పై దినాలు, నెల ఖర్చు 90,000 అనుకోండి. మూడువేల దినాలకు పంచితే దినానికి 30 రూపాయలు. అదే మెస్సులో పేరు లేకుండా ఇంకో పదిహేనుమంది తింటే, ఖర్చు 1,03,500 అవుతుంది, పంచేది మాత్రం ఆ వందమంది మీదనే. దినానికి 34 రూపాయల 50 పైసలు. పేరు లేకుండా ఉండేవాళ్లను నాన్ బోర్డర్లు అనేవాళ్లు. వాళ్లూ మన పిల్లలే, హాస్టలు దొరకక వచ్చినోళ్లు. ఎవరూ కసురుకునేవాళ్లు కాదు. అయినా మెస్సు బిల్లు స్కాలర్‌షిప్ మీద సరిపెట్టుకునే పిల్లలకు, ఆ స్కాలర్‌షిప్ ఆలస్యమైన ఏడు ఆ నాలుగున్నర రూపాయలే బరువయ్యేవి. పత్తి ఏరడానికో పండుగకో ఇంటికి పోయేటప్పుడు ముందు రోజే మెస్సులో రాసి ఇచ్చిపోవాలి. చెప్పకుండా పోతే తినని దినాలు కూడా లెక్కలో పడేవి.

అందుకే ఏ యూనివర్సిటీ అన్నది తేల్చుకునే ముందు ఒకసారి పోయి చూసి రావాలని పెద్దోళ్లు చెప్పేది. పొద్దున పదింటికి కాదు, అప్పుడు అన్నీ బాగానే కనబడతాయి. సాయంత్రం పోయి రాత్రి ఏడున్నరకు మెస్సులో తినాలి. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, గదికి ఎంతమంది, లైబ్రరీ రాత్రి ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నవి రెండో సంవత్సరం పిల్లల్ని అడగాలి. మొదటి సంవత్సరం వాళ్లకు ఇంకా తెలియదు, రీసెర్చి వాళ్లు మర్చిపోయి ఉంటారు. మన మండలపు అన్న ఒక్కడు దొరికితే ప్రాస్పెక్టస్ పక్కన పెట్టొచ్చు.

తర్వాత సార్ల సంగతి. నా దృష్టిలో రెండు సీట్ల మధ్య తేడా తేల్చాల్సింది ఇదే, జనం అడిగేది మాత్రం అన్నిటికన్నా ఆఖరుకు. ఆ సబ్జెక్టులో పర్మినెంటు సార్లు ఎంతమంది, కాంట్రాక్టు మీద ఎంతమంది, రెండేండ్లలో రిటైరయ్యేవాళ్లు ఎవరు? డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీది టైంటేబుల్ చూస్తే సగం తెలిసిపోతుంది. పేపరు పేరు పక్కన సారు పేరు లేకుండా ఖాళీ ఉంటే ఆ పేపరు చెప్పేవాళ్లు ఇంకా దొరకలేదని అర్థం. సైన్సు పిల్లలైతే ల్యాబు తలుపు తీయించుకుని చూడాలి. పెద్ద పేరున్న చోట ఖాళీ కుర్చీలు, చిన్న పీజీ సెంటర్‌లో ప్రాణం పెట్టి చెప్పే సార్లు ఉన్న రోజులున్నాయి. అట్లా పాలమూరు సెంటర్‌లో చదివి లెక్చరర్లైనవాళ్లను మన కాలేజీల్లో ఇప్పటికీ చూడొచ్చు.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన పిల్లలు సెంట్రల్ యూనివర్సిటీ సీటు వదులుకోవడానికి ఎక్కువగా చెప్పిన కారణం ఇంగ్లిషు. అందులో నిజం ఉంది, సగమే. అక్కడ సెమిస్టర్ నడుమనే పరీక్షలు, సెమినార్లు, రాసివ్వాల్సిన పేపర్లు ఉంటాయి. ఆఖరున ఒక్కసారి బట్టీపట్టి గట్టెక్కుదామంటే కుదరదు. మొదటి సెమిస్టర్ నిజంగానే కష్టం. కానీ క్లాసులో మనిషి మనిషిని సారు గుర్తుపడతాడు, హాస్టలు క్యాంపస్‌లోనే, లైబ్రరీ దగ్గర్లోనే. మొదటి నాలుగు నెలలు ఓర్చుకున్నవాళ్లకు తర్వాత భయం పోయేది. ఆ నాలుగు నెలలు ఓర్వలేక దసరాకు ఇంటికొచ్చి మళ్లీ పోనివాళ్లూ ఉన్నారు, అప్పటికి రెండో సీటు ఇంకెవరికో పోయి ఉండేది.

దారి కూడా లెక్కలోకి వచ్చేది. పాలమూరు నుంచి రైల్లో కాచిగూడలో దిగితే విద్యానగర్ దాటగానే జామై ఉస్మానియా స్టేషన్. నల్లగొండ వాళ్లు బస్సులో నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోనే దిగేవాళ్లు, అక్కణ్నుంచి సిటీ బస్సు. గచ్చిబౌలి అప్పట్లో ఊరవతల రాళ్లగుట్టల నడుమ. 2003లో లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చేదాకా కోఠి నుంచి మెహదీపట్నం మీదుగా పోవుడే. పాలమూరు వాళ్లకు ఆరాంఘర్‌లో దిగితే కొంత దూరం తగ్గేది.

ఆడపిల్లల సీటు ఎక్కువగా దారి దగ్గరే ఆగిపోయేది. బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో ఉన్న కోఠి మహిళా కాలేజీ అంటే తల్లిదండ్రులకు ధైర్యం ఉండేది, గేటు లోపలే అన్నీ. అది 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు మన చాకలి ఐలమ్మ పేరు మీద ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకపోవడంతో నల్లగొండ, పాలమూరు యూనివర్సిటీలకు ఇంటి నుంచి పోయి రావడం తేలికైంది. అయినా పోను రెండు గంటలు, రాను రెండు గంటలు బస్సులో గడిస్తే చదువుకు మిగిలేది ఎంతో కూడా చూసుకోవాలి.

ఫీజుకు బ్యాంకు డిమాండ్ డ్రాఫ్టులు, అవే డీడీలు, తీసిన రోజులు గుర్తున్నాయా? స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ బ్రాంచిలో చలానా నింపి, రిజిస్ట్రార్ పేరు మీద, హైదరాబాద్‌లో చెల్లేటట్టు తీయించాలి. వెనక హాల్ టికెట్ నంబరు, కోర్సు పేరు రాసి పెట్టుకోవాలి, ఒకదానికొకటి తారుమారైతే తర్వాత తేల్చడం కష్టం. రెండు యూనివర్సిటీలకు రెండు డీడీలు తీసినవాళ్లు, ఒకటి వాడకుండా మిగిలితే తీసిన బ్రాంచికే పోయి రద్దు చేయించుకోవాలి. కమిషన్ పోయేది, కొంత ఛార్జీ పట్టుకునేవాళ్లు, మిగతాది తిరిగొచ్చేది. డీడీ చెల్లే ఆర్నెల్ల గడువు 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలకు తగ్గింది. ఆ బ్యాంకే 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆ బోర్డు మారిన రోజు ఎంతమంది పాత విద్యార్థులకు తమ మొదటి డీడీ యాదికొచ్చి ఉంటుందో.

ఇంకో కాగితం మైగ్రేషన్, ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారేటప్పుడు పాతది ఇచ్చే సర్టిఫికెట్. నల్లగొండ ఎన్జీ కాలేజీ, పాలమూరు ఎంవీఎస్ కాలేజీ ఉస్మానియా కింద ఉన్న రోజుల్లో ఇక్కడ డిగ్రీ చేసి ఉస్మానియాలోనే పీజీ చేరితే దాని అవసరమే లేదు. సొంత జిల్లా యూనివర్సిటీలు వచ్చినంక డిగ్రీ వాటిది, పీజీ ఉస్మానియాది అవుతుంది కాబట్టి ఇప్పుడు కావాలి. ఒరిజినల్ ఒక్కటే ఇస్తారు, టీసీ లాగే.

ఇప్పుడు రాష్ట్ర యూనివర్సిటీల పీజీకి 2019 నుంచి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సెంట్రల్‌కు 2022 నుంచి సీయూఈటీ అనే దేశవ్యాప్త పరీక్ష. కౌన్సెలింగు ఫోన్లోనే. మోసం జరిగే చోటు కూడా మారింది. వెబ్ ఆప్షన్లలో మొదటి విడతలో వచ్చిన సీటు చేతిలో ఉండగా, రెండో విడతలో ఊరికే చూద్దామని ఇష్టం లేని కాలేజీ కూడా పెట్టి, అది వస్తే పాతది దానంతటదే రద్దయిపోతుంది. ఉన్నదానికన్నా నిజంగా కావాలనుకున్నవే పెట్టాలి, ఒక్కటైనా సరే.

పైసల సంగతిలో ఇప్పటి పిల్లలకు ఒక ఆసరా ఉంది. 2018 అక్టోబర్‌లో యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లు యూనివర్సిటీ తన దగ్గర ఉంచుకోకూడదు, చూసి తిరిగి ఇవ్వాలి. అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే వదిలేస్తే ఫీజు మొత్తం తిరిగి రావాలి, 5 శాతానికి, అదీ 5,000కు మించకుండా పట్టుకోవచ్చు. ఆ పదిహేను రోజుల లోపలైతే 90 శాతం, ఆఖరు తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, నెల లోపు 50. ఆ తర్వాత ఏమీ రాదు. అడగాల్సింది రాతపూర్వకంగానే. దరఖాస్తు రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోవాలి. నోటిమాటగా చెప్పి వచ్చినవాళ్లకు తేదీ దగ్గరే తకరారు వస్తుంది.

వదిలే సీటు గురించి త్వరగా చెప్పాలనడానికి పైసలు ఒక్కటే కారణం కాదు. పాత రోజుల్లో వెయిటింగ్ లిస్టు ఒకటో నంబరు పిల్లగాడు ఊరికి పోకుండా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, డిపార్టుమెంటు నోటీసు బోర్డు కింద కూసొని ఉండేవాడు. దేవరకొండ, అచ్చంపేట అవతలి పిల్లలైతే మళ్లీ రావడానికి బస్సు కిరాయి లేక అట్లనే ఉండేవాళ్లు, మధ్యాహ్నం ఏ సోపతిగానితోనో కలిసి తినేవాళ్లు. ఎవరో సీటు వద్దని రాసిచ్చిన కాగితం సారు బల్ల మీదికి చేరితే, సాయంత్రానికల్లా బోర్డు మీద చిన్న చీటీ అంటించేవాళ్లు, టైపు కొట్టిన అక్షరాల కింద ఇంకా తడి ఆరని ఆకుపచ్చ సిరా సంతకంతో. అందులో తన నంబరు చూసుకున్న పిల్లగాడు ముందు చేసే పని, సంచిలో చేయి పెట్టి టీసీ ఉందా లేదా అని తడుముకోవడం.